బొమ్మల చదువు, బ్యాంకు అప్పు: గ్రాఫు కాగితం మీద ఒక లెక్క

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు వెళ్తున్నారనుకోండి. కిటికీలోంచి చూస్తూ ఉండండి. నగల దుకాణం బోర్డు, కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ, బిర్యానీ హోటలు గుర్తు, పక్కవారి చేతిలోని పాల ప్యాకెట్టు, మీరు టిక్కెట్టు కొన్న ఫోను తెరమీది బొత్తాలు. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో చెప్పగలరా?

అన్నిటినీ ఎవరో ఒకరు కూర్చుని గీశారు. ఏ అక్షరం ఎంత లావుండాలి, ఏ రంగు పక్కన ఏ రంగు వేస్తే కంటికి ఆనుతుంది, ఏ బొత్తం ఎక్కడుంటే వేలు తడుముకోదు అని ఆలోచించి మరీ గీశారు. ఈ పనినే గ్రాఫిక్ డిజైన్ అంటారు. కళాశాలల్లో దీనికి అప్లైడ్ ఆర్ట్ అనీ, విజువల్ కమ్యూనికేషన్ అనీ వేరువేరు పేర్లున్నాయి.

మాదాపూర్‌లో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది. హైటెక్ సిటీకి అదే తొలి భవనం. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల వేలకొద్దీ కంపెనీలు వచ్చాయి. ప్రోగ్రాము రాసేవారు ఉన్నచోట తెరను తీర్చిదిద్దేవారు కూడా కావాలి గదా! అందుకే బొమ్మలు బాగా వేసే పిల్లలు ఇప్పుడు "డిజైన్ చదువుతాను" అంటున్నారు. ఆ కోరిక మంచిదే. అయితే కొన్ని ప్రైవేటు కళాశాలల్లో ఆ చదువుకు లక్షల్లో ఖర్చవుతుంది. చాలామంది దానికి బ్యాంకులో అప్పు తీసుకోవలసివస్తుంది. ఆ అప్పు తీరుతుందా? ఎన్నేళ్ళకు తీరుతుంది? మీ లెక్కల పుస్తకంలో ఉన్న పాఠాలతోనే దీనికి జవాబు కనుక్కోవచ్చు. పెన్సిలూ కాగితమూ తీసుకోండి.

మనం లెక్కకట్టే ఇల్లు

బోరబండలో ఒక కుటుంబం ఉందనుకుందాం. నాన్న ఆటో నడుపుతాడు. అమ్మ ఇంట్లోనే కుట్టుమిషను మీద బ్లౌజులు కుడుతుంది. పెద్దమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. ఒక ప్రైవేటు కళాశాలలో నాలుగేళ్ళ డిజైన్ డిగ్రీకి సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 1,50,000 రూపాయలు. బ్యాంకు ఏడాదికి 10 శాతం వడ్డీమీద అప్పు ఇస్తానంటోంది.

ఈ అంకెలు, ముందు రాబోయే జీతాల అంకెలు, లెక్క నేర్చుకోవడానికి మనం అనుకున్నవి. మీకు నిజమైన ఫీజు, నిజమైన వడ్డీరేటు తెలిసిన రోజున వీటిని తీసేసి వాటిని వేసుకోండి. పద్ధతి మాత్రం మారదు.

కళాశాలలో ఉండగానే పెరిగే వడ్డీ

మనదేశంలో చదువు అప్పులకు భారత బ్యాంకుల సంఘం 2001లో ఒక నమూనా పథకం తయారుచేసింది. దాని ప్రకారం చదువుతున్నన్నాళ్ళూ, ఆ తర్వాత మరో ఏడాదీ వాయిదాలు కట్టనక్కరలేదు. ఇది విని చాలామంది ఆ ఐదేళ్ళూ వడ్డీ కూడా ఉండదనుకుంటారు. అది పొరపాటు. వాయిదాలకు మాత్రమే సెలవు. వడ్డీకి సెలవు లేదు. కాకపోతే ఆ కాలంలో సాధారణ వడ్డీ వేస్తారు, చక్రవడ్డీ వేయరు.

లెక్క చూద్దాం. ఏటా మొదట్లో 1,50,000 తీసుకుంటారు. దానిమీద 10 శాతం చొప్పున ఏడాది వడ్డీ 15,000. మొదటి ఏడు తీసుకున్న సొమ్ము మీద 5 ఏళ్ళు వడ్డీ పడుతుంది: 75,000. రెండో ఏటి సొమ్ము మీద 4 ఏళ్ళు: 60,000. మూడో ఏటిదాని మీద 3 ఏళ్ళు: 45,000. నాలుగో ఏటిదాని మీద 2 ఏళ్ళు: 30,000. మొత్తం వడ్డీ 2,10,000. తీసుకున్న అసలు 6,00,000. అంటే మొదటి వాయిదా కట్టేనాటికి బాకీ 8,10,000 రూపాయలు! ఆ అమ్మాయి ఇంకా ఒక్క రూపాయి కూడా కట్టలేదు. ఈలోగానే అప్పు మూడో వంతుకు పైగా పెరిగింది.

నెలవాయిదాలో ఏముంటుంది?

ఇప్పుడీ 8,10,000ను నెలనెలా ఒకే మొత్తంగా కట్టాలి. పదేళ్ళలో తీర్చాలంటే నెలవాయిదా దాదాపు 10,704 రూపాయలు. ఈ వాయిదాను విప్పి చూద్దాం. మొదటి నెల వడ్డీ ఎంత? 8,10,000 మీద 10 శాతం 81,000. దాన్ని 12తో భాగిస్తే 6,750. అంటే కట్టిన 10,704లో 6,750 వడ్డీకే పోయింది. అసలులో తరిగింది 3,954 మాత్రమే. రెండో నెల బాకీ 8,06,046. దానిమీద వడ్డీ 6,717. అసలు కిందకి 3,987 పోతుంది. ఇలా నెలనెలా వడ్డీ భాగం తగ్గుతూ, అసలు భాగం పెరుగుతూ వస్తుంది. మొదట్లో అప్పు అంగుళం కూడా కదలనట్టు కనిపించడానికి ఇదే కారణం.

"పదేళ్ళకు బదులు పదిహేనేళ్ళు పెట్టుకుంటే వాయిదా తగ్గుతుంది గదా?" అని మీరడగవచ్చు. తగ్గుతుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

7 ఏళ్ళు: నెలకు 13,447, మొత్తం కట్టేది సుమారు 11,30,000.
10 ఏళ్ళు: నెలకు 10,704, మొత్తం సుమారు 12,84,500.
15 ఏళ్ళు: నెలకు 8,704; మొత్తం సుమారు 15,66,800.

పదేళ్ళ గడువును పదిహేనుకు పెంచితే నెలకు 2,000 మిగులుతాయి. కాని చివరికి 2,82,000 ఎక్కువ కట్టవలసివస్తుంది. వాయిదా చిన్నదైనంత మాత్రాన అప్పు చిన్నది కాదన్నమాట.

మరో సంగతి. చదువు అప్పు కాగితాల మీద విద్యార్థితోబాటు తల్లిగాని తండ్రిగాని సహరుణగ్రహీతగా సంతకం పెడతారు. వాయిదాలు ఆగిపోతే బ్యాంకు ఆ ఇద్దరినీ అడుగుతుంది. ఇద్దరి పరపతి లెక్కా దెబ్బతింటుంది. రేపు ఆ నాన్న కొత్త ఆటో కొనడానికి అప్పు కావాలన్నా పుట్టకపోవచ్చు. అందుకే ఈ లెక్క ఇంట్లో అందరూ కలిసి చేయవలసిన లెక్క.

సగటు జీతం చేసే మోసం

ఇక రెండో పక్కకు వద్దాం. చదువు అయ్యాక జీతమెంత వస్తుంది? కళాశాల కరపత్రంలో "మా విద్యార్థుల సగటు జీతం నెలకు 30,000" అని అచ్చువేశారనుకోండి. అది అబద్ధం కాకపోవచ్చు. అయినా మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చు. ఎలాగో చూడండి.

పదిమంది విద్యార్థుల నెల జీతాలు వేలల్లో ఇవి: 15, 15, 16, 18, 18, 20, 20, 22, 26, 130. కూడితే 300. పదితో భాగిస్తే సగటు 30 వేలు. కాని ఆ పదిమందిలో 30 వేలు అందుకుంటున్నవారెందరు? ఒక్కరే! మిగతా తొమ్మిదిమందీ అంతకంటె తక్కువలోనే ఉన్నారు. ఒక్క పెద్ద అంకె సగటును పైకి లాగేసింది.

ఇలాంటి చోట మధ్యగతం చూడాలని పదో తరగతి సాంఖ్యకశాస్త్రంలో చదువుకుంటారు. జీతాలను వరుసలో పెడితే ఐదోది 18, ఆరోది 20. వాటి నడుమది 19. మధ్యగతం 19 వేలు. సగంమంది దానికి కింద ఉన్నారు, సగంమంది పైన ఉన్నారు. మీరు బొమ్మలు ఎంత బాగా వేసినా, లెక్క వేసుకునేటప్పుడు ఆ 130 వేలవారు మీరేనని అనుకోకండి. మధ్యలో నిలబడి చూసుకోండి. దేశంలో కళాశాలలకు ర్యాంకులిచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పట్టికలు 2016 నుంచి వస్తున్నాయి. వాటికోసం సంస్థలు ఇచ్చే సమాచారంలో ఉద్యోగం వచ్చినవారి మధ్యగత జీతం కూడా ఉంటుంది. కరపత్రం కంటె అది నమ్మదగింది.

మన అమ్మాయికి నెలకు 20,000 వచ్చిందనుకుందాం. పని దొరికింది రాయదుర్గంలో. ఇంటికి దగ్గరే కాబట్టి ఫరవాలేదు. అదే వరంగల్ నుంచో కర్నూలు నుంచో వచ్చిన అమ్మాయి అయితే? కొండాపూర్‌లో హాస్టలు, భోజనం, ప్రయాణం, ఫోను కలిసి 13,000 అనుకుంటే మిగిలేది 7,000. వాయిదా 10,704. నెలనెలా 3,704 లోటు. ఆ లోటు ఎవరు పూడ్చాలి? మళ్ళీ ఇల్లే!

గ్రాఫు మీద ఇద్దరు స్నేహితులు

ఇప్పుడు గ్రాఫు కాగితం తీయండి. అడ్డంగా ఇంటర్ అయిన తర్వాత గడిచిన ఏళ్ళు వేయండి. నిలువుగా అప్పటిదాకా చేతికొచ్చిన మొత్తం లక్షల్లో వేయండి. ఇద్దరు స్నేహితులనుకుందాం. ఇద్దరికీ తిండీ నీడా ఇంట్లోనే.

మొదటివాడు ఇంటర్ కాగానే డీటీపీ నేర్చుకుని శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే దుకాణంలో చేరాడు. మొదటి ఏడు నెలకు 12,000. ఏటా 1,000 పెరుగుతుంది. రెండోవాడు అప్పుతో డిగ్రీ చదివాడు. నాలుగేళ్ళు రాబడి లేదు. ఐదో ఏట నెలకు 22,000. ఆ తర్వాత ఏటా 2,500 పెరుగుతుంది. ఆరో ఏటినుంచి పదిహేనో ఏటిదాకా నెలకు 10,700 వాయిదా పోతుంది.

లెక్కకట్టి చుక్కలు పెట్టండి. నాలుగో ఏడు చివర మొదటివాడి దగ్గర 6.48 లక్షలు, రెండోవాడి దగ్గర సున్న. పదో ఏడు చివర 19.8 లక్షలు, 13.92 లక్షలు. పదిహేనో ఏడు చివర 34.2, 32.7. పదహారో ఏడు చివర 37.44, 38.64. పదహారో ఏట రెండోవాడి గీత మొదటివాడి గీతను దాటింది! అప్పటికి అతనికి ముప్పైమూడేళ్ళు నిండాయి. దాటిన తర్వాత మాత్రం ఎంతో వేగంగా పైకి పోతుంది. వాయిదా లేదు, జీతం ఎక్కువ.

అదే కాగితం మీద మూడో గీత గీయండి. మూడోవాడూ అదే డిగ్రీ చదివాడు, అవే జీతాలు. కాని తక్కువ ఫీజున్న ప్రభుత్వ సీటు తెచ్చుకున్నాడు. నాలుగేళ్ళకు మొత్తం 1 లక్ష ఇంట్లోంచే కట్టారు. పదకొండో ఏడు చివర ఇతని దగ్గర 23.78 లక్షలు, దుకాణంలో పనిచేసేవాడి దగ్గర 22.44 లక్షలు. అంటే ఇతని గీత పదకొండో ఏటే దాటేసింది. చదువు ఒకటే, పని ఒకటే. అయినా అప్పు వల్ల ఐదేళ్ళు తేడా వచ్చింది.

ఇక నాలుగో గీత. నాలుగోవాడు కూడా అప్పుతోనే చదివాడు. కాని అతనికి ఐదో ఏట దొరికింది 16,000 జీతమే. ఏటా 1,000 మాత్రమే పెరిగింది. ఐదో ఏట దుకాణంలోని స్నేహితుడి జీతమూ సరిగ్గా 16,000లే! అక్కడినుంచి ఇద్దరి జీతాలూ సమానం. మరి ఈ గీత ఎప్పుడు దాటుతుంది? ఎప్పటికీ దాటదు. మొదట వెనకబడిన 6.48 లక్షలకు, కట్టిన వాయిదాలు 12.84 లక్షలు తోడై, పదిహేనో ఏడు తర్వాత ఆ దూరం 19.32 లక్షల దగ్గర నిలిచిపోతుంది. సమాంతర రేఖలు కలవవని మీరు జ్యామితిలో చదువుకున్నదే ఇక్కడ జీవితంలో కనిపిస్తుంది.

కాబట్టి "డిగ్రీ మంచిదా చెడ్డదా?" అన్న ప్రశ్న సరైనది కాదు. "ఏ ఫీజుకు, ఏ జీతానికి, ఎన్నో ఏట నా గీత దాటుతుంది?" అని అడగాలి.

పని మారుతుంది, వాయిదా మారదు

గీతలు గీసేటప్పుడు జీతం ఏటా క్రమంగా పెరుగుతుందనుకున్నాం. నిజంగా అలాగే జరుగుతుందా? ఒకప్పుడు మన ప్రెస్సుల్లో కంపోజిటర్లుండేవారు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చి పుటలు కట్టేవారు. అది ఏళ్ళతరబడి నేర్చిన విద్య. ఆఫ్‌సెట్ యంత్రాలూ కంప్యూటర్లూ రావడంతో ఆ గళ్ళ బల్లలు మూలపడ్డాయి. తెలుగు టైపింగు, లేఅవుట్ నేర్చుకున్నవారు నిలదొక్కుకున్నారు. మిగిలినవారు వేరే పని వెతుక్కున్నారు.

2022లో మాటల్లో చెబితే బొమ్మ వేసిపెట్టే యంత్రబుద్ధి ప్రోగ్రాములు జనానికి అందుబాటులోకి వచ్చాయి. మామూలు పోస్టర్లు వేసే పనిమీద వాటి ప్రభావం పడుతోంది. కాని దుకాణదారుడితో మాట్లాడి అతనికేం కావాలో కనిపెట్టడం, తెలుగు అక్షరాల వంపులూ వత్తులూ సరిచూడడం, పది బొమ్మల్లో పనికొచ్చేది ఏదో తేల్చడం ఇంకా మనిషి పనులే.

మంచి పనికి ఎప్పుడూ మంచి డబ్బు వస్తుందనీ అనుకోకూడదు. "లైఫ్ ఆఫ్ పై" సినిమాలో పడవలోని పులిని చూశారా? దాన్ని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. ఆ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషను వేసింది. అదే నెలలో ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్సుకు ఆస్కార్ వచ్చింది! మరోపక్క హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తయారుచేసిన ఛోటా భీమ్ 2008లో టీవీలో మొదలై దేశమంతటా పిల్లల ఇళ్ళకు చేరింది. ఈ రంగంలో రెండూ జరుగుతాయి. జీతం ఒక ఏడు పెరగవచ్చు, ఒక ఏడు ఆగిపోవచ్చు. వాయిదా మాత్రం ప్రతినెలా అదే తేదీన వస్తుంది. అందుకే అప్పు ఎంత చిన్నదైతే అంత మంచిది.

భారం తగ్గించుకునే దారులు

మొదటిది, ప్రభుత్వ సీటు. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో ఏర్పడింది. అక్కడ నాలుగేళ్ళ బి.ఎఫ్.ఎ.లో అప్లైడ్ ఆర్ట్ నేర్పుతారు. దానికి ప్రవేశ పరీక్షలో బొమ్మ వేసే నేర్పును చూస్తారు. అంటే తొమ్మిదో తరగతినుంచే రోజూ అరగంట స్కెచ్ పుస్తకంలో గీయడం కూడా డబ్బు ఆదాచేసే పనే!

రెండోది, పదో తరగతి తర్వాత డిప్లొమా. సికింద్రాబాదులో ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ ఉంది. ముద్రణ యంత్రాలూ, రంగుల విభజనా తెలిసినవారు డిజైనులోకి వస్తే వారికి గట్టి పునాది ఉంటుంది.

మూడోది, చదివేటప్పుడే వడ్డీ కట్టడం. మన లెక్కలో మొదటి ఏడు నెలకు 1,250, రెండో ఏడు 2,500, మూడో ఏడు 3,750, తర్వాతి రెండేళ్ళు 5,000 చొప్పున కడితే బాకీ 6,00,000 దగ్గరే ఆగుతుంది. అప్పుడు పదేళ్ళ వాయిదా 7,929. మొత్తంమీద సుమారు 1,23,000 మిగులుతాయి. సెలవుల్లో బొమ్మల పని చేసి మొదటి ఏటి 1,250 సంపాదించడం అసాధ్యమేమీ కాదు.

నాలుగోది, సహాయ పథకాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీ కోర్సుకూ మీ కళాశాలకూ వర్తిస్తుందో లేదో చేరకముందే అడగండి. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, ఎంపికచేసిన సంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు లేకుండా అప్పు ఇస్తారు. ఏటా 8 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ళవారికి వాయిదాల సెలవు కాలంలో వడ్డీలో 3 శాతం రాయితీకి కూడా అవకాశముంది.

ఒక హెచ్చరిక కూడా. "ఆరునెలల్లో డిజైనరు, నూటికి నూరుపాళ్ళు ఉద్యోగం, ఫీజు వాయిదాల్లో" అన్న ప్రకటనలు చూస్తుంటారు. కొన్నిచోట్ల ఆ వాయిదాలు నిజానికి ఏదో ఫైనాన్సు కంపెనీ ఇచ్చే అప్పు. చదువు పూర్తికాకముందే, మరుసటి నెలనుంచే కట్టాలి. మధ్యలో మానేసినా అప్పు మానదు. సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు వేయండి. అప్పు ఇచ్చేదెవరు? వడ్డీ ఏడాదికెంత? మానేస్తే ఏమవుతుంది?

చివరగా ఒక మాట

సైబర్ టవర్స్‌కు ఎదురుగానే శిల్పారామం ఉంది. అక్కడ చేనేతవారు, కలంకారీవారు, బొమ్మలు చెక్కేవారు తమ పనితనం పరచుకుని కూర్చుంటారు. మనిషి డబ్బుకోసమే గీతలు గీయడని వారిని చూస్తే తెలుస్తుంది. ఇష్టమైన పని చేయడంలోని ఆనందం గ్రాఫు కాగితం మీద పడదు. అది నిజం. కాని నెలనెలా వాయిదాకు వెతుక్కునేవాడికి ఇష్టమైన పని ఎంచుకునే వీలుండదు. దొరికిన పని ఏదైనా పట్టుకోవలసిందే. లెక్క ముందే చేసుకునేది కలను చంపుకోవడానికి కాదు, ఆ కలకు చోటు మిగుల్చుకోవడానికే.

మీరే చేసి చూడండి

1. ఏడాది ఫీజు 75,000 అయితే, మిగతావన్నీ అలాగే ఉంటే, ఐదేళ్ళ చివర బాకీ ఎంత? పదేళ్ళ నెలవాయిదా ఎంత? 20,000 జీతంలో 13,000 ఖర్చు పోను ఆ వాయిదా కట్టగలరా?

2. పైన చెప్పిన పదిమందిలో 130 వేలవారిని తీసేసి సగటు, మధ్యగతం మళ్ళీ కట్టండి. రెంటిలో ఏది ఎక్కువ మారింది? ఎందుకు?

3. మీ వీధిలోని ఫ్లెక్సీ దుకాణానికి గాని, ప్రెస్సుకు గాని వెళ్ళి, ఆ పని వారు ఎక్కడ నేర్చుకున్నారో, ఎన్నేళ్ళకు చేయి తిరిగిందో అడిగి రాసుకోండి.

జవాబులు: 1. బాకీ 4,05,000, వాయిదా 5,352, కట్టగా 1,648 మిగులుతాయి. 2. సగటు 30 వేలనుంచి సుమారు 18.9 వేలకు పడిపోతుంది; మధ్యగతం 19 నుంచి 18 వేలకు మాత్రమే దిగుతుంది. సగటు ప్రతి అంకె విలువనూ కలుపుకుంటుంది కనుక ఒక్క పెద్ద అంకె పోయినా బాగా మారుతుంది. మధ్యగతం వరుసలోని స్థానాన్ని మాత్రమే చూస్తుంది.